కోపం చల్లారేలోగా..

సముద్రం అడుగున ఓ కెమెరా. దాని ముందు విరిగిన గొట్టం. అందులోంచి గోధుమరంగు పొగలా ఎగదన్నుకొస్తున్న ముడిచమురు. 2010 మే నెల చివర్లో అమెరికాలో ఏ ఇంట్లో టీవీ పెట్టినా కనిపించిన దృశ్యమిది. పొద్దున కాఫీ తాగుతూ చూసినా అదే. రాత్రి పడుకోబోయే ముందు చూసినా అదే. చమురు ఆగలేదు. చూస్తున్నవాళ్ల కోపమూ ఆగలేదు.

ఆ కోపం అడిగిన ప్రశ్న ఒక్కటే.. 'దీనికి బాధ్యులెవరు?'

వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు రాబట్టడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

అభినందనల రోజునే..

2010 ఏప్రిల్‌ 20. లూసియానా తీరానికి 66 కిలోమీటర్ల దూరంలో, మెక్సికో సింధుశాఖలో 'డీప్‌వాటర్‌ హొరైజన్‌' అనే రిగ్గు. అక్కడ నీటి లోతే ఒకటిన్నర కిలోమీటరు. ఆ కింద నేలను మరో నాలుగు కిలోమీటర్లు తొలిచి తవ్విన బావి పేరు మకాండో. బావి బీపీది. రిగ్గు ట్రాన్స్‌ఓషన్‌ది. బావికి సిమెంటు పని చేసింది హాలిబర్టన్‌.

ఆ రోజు కంపెనీల పెద్దలు రిగ్గు మీదికి వచ్చారు. ఏడేళ్లుగా చెప్పుకోదగ్గ ప్రమాదమేదీ లేకుండా పనిచేసినందుకు సిబ్బందిని మెచ్చుకోవడానికి! ఆ రాత్రే బావి పేలింది. రిగ్గు మీదున్న 126 మందిలో 11 మంది ప్రాణాలు పోయాయి. రెండు రోజులు మండి రిగ్గు మునిగిపోయింది. బావి మాత్రం మూతపడలేదు.

ఎందుకిలా జరిగింది? బావి అడుగున వేసిన సిమెంటు సరిగ్గా పట్టలేదు. పీడన పరీక్షలో తేడా కనిపించినా అంతా బాగానే ఉందనుకున్నారు. ఆపద వస్తే బావి నోరు బిగించేయాల్సిన వందల టన్నుల యంత్రం 'బ్లోఅవుట్‌ ప్రివెంటర్‌' పనిచేయలేదు. అప్పటికే పని ఆరు వారాలు వెనకబడి ఉంది. ఒక్కరోజు గడిస్తే దాదాపు పది లక్షల డాలర్ల ఖర్చు. కాలాన్నీ డబ్బునూ మిగిల్చే నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ముప్పును పెంచాయని దేశాధ్యక్షుడు నియమించిన కమిషన్‌ 2011 జనవరిలో తేల్చింది.

నేను కాదు.. వాళ్లు!

ప్రమాదం జరిగిన మూడు వారాలకు సెనేట్‌ కమిటీ ముందు మూడు కంపెనీల పెద్దలూ వరసగా కూర్చున్నారు. ప్రివెంటర్‌ ట్రాన్స్‌ఓషన్‌ది కదా అంది బీపీ. బావి బీపీది కదా అంది ట్రాన్స్‌ఓషన్‌. బీపీ చెప్పినట్టే చేశామంది హాలిబర్టన్‌. ఇంట్లో గాజు గ్లాసు పగిలితే ముగ్గురు పిల్లలు ఒకరి వైపు ఒకరు వేలు చూపించినట్టుంది వ్యవహారం. అధ్యక్షుడు ఒబామాకే ఒళ్లు మండింది. ఈ తమాషా ఏమిటంటూ బహిరంగంగానే మండిపడ్డారు.

ఒడ్డున మాత్రం తమాషా కాదు. ఒక దశలో సింధుశాఖలోని ఫెడరల్‌ జలాల్లో మూడో వంతుకు పైగా చేపలవేట ఆపేశారు. రొయ్యలు, ఆల్చిప్పల మీదే బతికే కుటుంబాలు పడవలు కట్టేసి కూర్చున్నాయి. వేట లేక, బీపీ ఇచ్చే కూలికే తమ పడవల్లో చమురు ఎత్తడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. చమురులో మునిగి రెక్కలు విప్పలేని పెలికాన్‌ పక్షుల ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

సరిగ్గా అప్పుడే బీపీ అధిపతి టోనీ హేవర్డ్‌ నోరు జారారు. జనానికి క్షమాపణ చెబుతూనే, ఇది త్వరగా ముగిసి తన జీవితం తనకు తిరిగి రావాలని అన్నారు. తిరిగిరాని 11 జీవితాల సంగతేమిటని జనం భగ్గుమన్నారు. జూన్‌లో ఆయన ఇంగ్లండ్‌లో పడవ పందేలకు వెళ్లడం ఆ మంటలో ఆజ్యం పోసింది. అక్టోబరు నాటికి ఆ కుర్చీలో వేరొకరు కూర్చున్నారు.

బ్యారెల్‌ లెక్క

మనిషి మారితే లెక్క మారుతుందా? అసలు లెక్క వేరే ఉంది. రోజుకు ఎన్ని బ్యారెళ్ల చమురు పోతోంది? మొదట వెయ్యి అన్నారు. తర్వాత అయిదు వేలన్నారు. వీడియో చూసిన శాస్త్రవేత్తలు అంతకు ఎన్నో రెట్లు ఉంటుందని చెప్పారు. చివరికి ప్రభుత్వ నిపుణులు తేల్చింది.. మొదట్లో రోజుకు 62 వేల బ్యారెళ్లు!

ఈ అంకెల కోసం అంత పట్టుదల దేనికి? అమెరికా స్వచ్ఛజల చట్టం ప్రకారం జరిమానా బ్యారెళ్ల లెక్కన పడుతుంది. అప్పట్లో బ్యారెల్‌కు 1,100 డాలర్ల దాకా. ఘోర నిర్లక్ష్యమని తేలితే 4,300 డాలర్ల దాకా. అంటే తక్కువ చెబితే తక్కువ బిల్లు. చమురు పోతున్న వేగం గురించి మదుపరులను తప్పుదోవ పట్టించిందన్న ఆరోపణపై 2012లో బీపీ 52.5 కోట్ల డాలర్లు కట్టాల్సివచ్చింది. కెమెరా దృశ్యాలను ప్రజలకు నేరుగా చూపించాలని చట్టసభ సభ్యులు పట్టుబట్టింది ఇందుకే. జనం కోపం చేసిన మొదటి మేలు అదే.. లెక్కను చీకట్లో ఉండనివ్వలేదు.

బావికి మూత పడింది జులై 15న. మొత్తం 87 రోజులు. ప్రభుత్వ అంచనా ప్రకారం బావిలోంచి తన్నుకొచ్చింది 49 లక్షల బ్యారెళ్లు. కోర్టు మాత్రం సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్లని లెక్కతేల్చింది.

దారి తప్పిన కోపం

కోపం అన్నిసార్లూ సరైన తలుపే తట్టదు. 'బీపీ పెట్రోలు కొనొద్దు' అంటూ అమెరికాలో పెద్ద ప్రచారమే నడిచింది. బంకుల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. కానీ బీపీ బోర్డున్న బంకుల్లో చాలావరకు కంపెనీవి కావు. అప్పోసప్పో చేసి నడుపుకొంటున్న స్థానిక వ్యాపారులవి. గిరాకీ పడిపోయి నష్టపోయింది వాళ్లు. సముద్రంలో చమురు కలిపింది ఒకరైతే, ఊళ్లో దెబ్బ తిన్నది మరొకరు.

అంతకు ఇరవై ఒక్క ఏళ్ల ముందూ ఇలాంటి కోపమే రగిలింది. 1989 మార్చి 24న ఎక్సాన్‌ వాల్డెజ్‌ అనే నౌక అలాస్కాలో బ్లై రీఫ్‌ను ఢీకొట్టింది. 2.5 లక్షలకు పైగా బ్యారెళ్ల చమురు ప్రిన్స్‌ విలియం సౌండ్‌ జలాల్లో కలిసింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా తీరం నల్లబడింది. లక్షల్లో సముద్రపక్షులు చచ్చిపోయాయి. కోపమొచ్చిన వినియోగదారులు ఎక్సాన్‌ క్రెడిట్‌ కార్డులను కత్తిరించి కంపెనీకే పోస్టు చేశారు.

ఆ కోపంలో కొంత చట్టమైంది. 1990లో అమెరికా తెచ్చిన చమురు కాలుష్య చట్టం చమురు నౌకలకు రెండు పొరల కవచం తప్పనిసరి చేసింది. మిగిలిన కోపం మాత్రం కోర్టు గుమ్మంలో కూర్చుండిపోయింది. మత్స్యకారులు, ఇతర బాధితులు 32 వేల మందికి పైగా వేసిన దావాలో జ్యూరీ 1994లో 500 కోట్ల డాలర్ల దండన పరిహారం కట్టమంది. శుభ్రం చేయడానికే 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టామంటూ కంపెనీ అప్పీలు మీద అప్పీలు వేసింది. 2008లో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని 50.75 కోట్ల డాలర్లకు కుదించింది. ప్రమాదానికీ ఆ తీర్పుకూ మధ్య 19 ఏళ్లు! ఈలోగా వేలమంది బాధితులు కన్నుమూశారు. ఆ ఏడాది ఎక్సాన్‌మొబిల్‌ లాభం 4,500 కోట్ల డాలర్ల పైమాటే. లెక్కేస్తే.. ఆ దండన కంపెనీకి నాలుగు రోజుల లాభం.

జనం కోపానికి ఆయుష్షు తక్కువ. కంపెనీ ఓపికకు ఎక్కువ. అలాస్కా నేర్పిన పాఠమిదే.

తొమ్మిది రోజుల తేడా

ఆ పాఠం 2010లో పనికొచ్చింది. 1990 నాటి చట్టంలో ఓ చిల్లుంది. చమురు తొలగించే ఖర్చంతా కంపెనీదే కానీ, ఆపై నష్టపరిహారం 7.5 కోట్ల డాలర్లు దాటనక్కర్లేదని పరిమితి పెట్టారు. ఘోర నిర్లక్ష్యం రుజువైతే ఆ పరిమితి తొలగుతుంది. అది రుజువయ్యేదాకా ఆగితే? మళ్లీ అలాస్కా కథే. అందుకే కోపం వేడిమీద ఉండగానే ఒబామా ప్రభుత్వం బీపీ పెద్దలను పిలిపించింది. జూన్‌ 16న 2,000 కోట్ల డాలర్లతో ప్రత్యేక నిధికి ఒప్పించింది. తీర్పుల కోసం చూడకుండానే బాధితులకు చెల్లింపులు మొదలయ్యాయి.

దానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జూన్‌ 7న, భోపాల్‌లో ఓ కోర్టు తీర్పు చెప్పింది. 1984 నాటి గ్యాస్‌ దుర్ఘటనలో వేలమందిని పొట్టనబెట్టుకున్న కేసది. ఏడుగురికి రెండేళ్ల జైలు.. అదేరోజు బెయిలు! 1989లో కుదిరిన పరిహారం మొత్తం 47 కోట్ల డాలర్లే. ఒకే నెలలో వచ్చిన ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూసుకుని భారతీయులు కుతకుతలాడారు. ప్రభుత్వం అదనపు పరిహారం కోసం మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 మార్చిలో ఆ పిటిషన్‌ కొట్టేశారు. అడగాల్సిన సమయంలో అడగనిది, పాతికేళ్లు పోయాక అడిగితే అంతే మరి.

బాకీ తీరిందా?

బీపీ కథ కోర్టులో చివరిదాకా నడిచింది. ఘోర నిర్లక్ష్యమేనని 2014లో జడ్జి తీర్పిచ్చారు. తప్పులో బీపీ వాటా 67 శాతం, ట్రాన్స్‌ఓషన్‌ది 30, హాలిబర్టన్‌ది 3 శాతం అని పంచారు. 'నేను కాదు, వాళ్లు' అన్న మాటకు నాలుగేళ్ల తర్వాత దొరికిన జవాబు అది. 2016లో 2,080 కోట్ల డాలర్ల ఒప్పందానికి కోర్టు ఆమోదం పడింది. అందులో బ్యారెళ్ల లెక్కన పడే జరిమానాయే 550 కోట్లు. అన్నీ కలిపి కంపెనీకి అయిన ఖర్చు 2018 నాటికి దాదాపు 6,500 కోట్ల డాలర్లు. జరిమానాల్లో 80 శాతం దెబ్బతిన్న తీర రాష్ట్రాలకే చేరేలా 2012లోనే ఓ చట్టం చేశారు.

అయినా ఓ లోటు మిగిలింది. 11 మంది మృతికి నేరాన్ని కంపెనీ ఒప్పుకొంది. మనుషులెవరూ జైలుకు వెళ్లలేదు. 2016లో తెచ్చిన కఠినమైన బావుల భద్రతా నిబంధనలను 2019లో సడలించారు. 2023లో కొన్నింటిని మళ్లీ బిగించాల్సివచ్చింది. టీవీలో ఆ గొట్టం కనిపించడం మానేసి అప్పటికి ఎన్నో ఏళ్లయింది కదా!

ఇంతకీ ఆ ఎక్సాన్‌ వాల్డెజ్‌ నౌక ఏమైనట్టు? ప్రిన్స్‌ విలియం సౌండ్‌లోకి అడుగుపెట్టకుండా చట్టం అడ్డుకుంది. పేరు మార్చారు. మళ్లీ మార్చారు. చేతులూ మారింది. చివరికి 'ఓరియంటల్‌ నైసిటీ' అన్న కొత్త పేరుతో 2012లో మన గుజరాత్‌లోని అలంగ్‌ తీరానికి చేరింది. సుప్రీంకోర్టు అనుమతితో అక్కడి కూలీలు దాన్ని ముక్కలుగా కోసి తుక్కు చేశారు.

పేరు మార్చుకుని అది ఎన్ని సముద్రాలు తిరిగినా, పాత జలాల్లోకి మాత్రం వెళ్లలేకపోయింది. ఆ తలుపు మూసింది కత్తిరించిన క్రెడిట్‌ కార్డులు కాదు.. 1990లో కాగితం మీదికెక్కిన నాలుగు వాక్యాలు. కోపం రావడం సహజం. అది చల్లారేలోగా దాన్ని రాసి పెట్టుకోవడమే తెలివి.