సంతకం విలువ నేర్పే చదువు



పదో తరగతి పేరెంట్స్ మీటింగ్‌లో మనం అడిగే ప్రశ్న ఒకటే: ఎంపీసీనా, బైపీసీనా? నాలుగేళ్ల కిందట నేనూ అదే అడిగాను. మా పెద్దమ్మాయి మాత్రం ఎంఈసీ తీసుకుని, తర్వాత లా చదువుతానంది. "నల్లకోటు వేసుకుని కోర్టు వరండాలో క్లయింట్ల కోసం కాచుకుంటావా?" అని కోప్పడ్డాను. ఇప్పుడు తను ఐదేళ్ల లా కోర్సు రెండో సంవత్సరంలో ఉంది. నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో మీతో పంచుకోవాలనిపించింది.

మా నాన్న ఊళ్లో ఒక స్నేహితుడి రైస్ మిల్లు అప్పుకు హామీ సంతకం పెట్టారు. మిల్లు మూతపడింది. బ్యాంకు నోటీసు మా ఇంటికొచ్చింది. "అప్పు తీసుకున్నది అతను, ముందు అతన్ని అడగండి" అని నాన్న ఎంత చెప్పినా లాభం లేకపోయింది. రెండెకరాలు అమ్మి కట్టాం. తనను మోసం చేశారనే బాధ ఆయనకు చివరిదాకా పోలేదు.

మొదటి సంవత్సరం సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి 1872 నాటి కాంట్రాక్టు చట్టం తెరిచి 128వ సెక్షన్ చూపించింది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉంటుందో హామీదారుకూ అంతే ఉంటుంది. ముందు అతని దగ్గరికి వెళ్లి, రాకపోతేనే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. "తాతయ్యను ఎవరూ మోసం చేయలేదు నాన్నా. ఆయన పెట్టిన సంతకానికి అర్థమే అది. ఆ రోజు ఆ మాట చెప్పేవాళ్లు పక్కన లేరు, అంతే" అంది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరికీ తెలియని విషయం అది.

కమర్షియల్ లా, కంపెనీ లా అంటే ఇదే. కోర్టులో గొంతెత్తి వాదించడం అందులో చిన్న భాగం. గొడవ రాకముందే కాగితం సరిగ్గా రాయడం, రాసినదాన్ని సరిగ్గా చదవడం అసలు పని.

మనలో చాలామందికి సొంత వ్యాపారాలున్నాయి. మీది భాగస్వామ్య సంస్థ అయితే, 1932 చట్టం ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ బాధ్యుడే. ఇల్లూ పొలమూ దాకా రావచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే లెక్క వేరు. కంపెనీ లా చదివే ప్రతి విద్యార్థికీ లండన్‌లో చెప్పుల వ్యాపారి సాలమన్ కేసు చెబుతారు. ఆయన తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. వాటాదారులు తను, భార్య, ఐదుగురు పిల్లలు. కంపెనీ దివాలా తీసింది. ఆ అప్పులు సాలమనే కట్టాలని వాదించారు. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అంది. మన దేశంలోనూ కంపెనీ చట్టానికి పునాది ఆ సూత్రమే.

అందుకే బ్యాంకులు కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల దగ్గర వ్యక్తిగత హామీ కూడా తీసుకుంటాయి. ఆ ఒక్క సంతకంతో, చట్టం కట్టిన గోడకు మన చేత్తో మనమే తలుపు పెడుతున్నాం. ఈ సంగతి తెలిసి సంతకం పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

ఈ చదువుకు అవసరం పెరుగుతోంది కూడా. 2009 జనవరిలో హైదరాబాద్‌లో సత్యం కుంభకోణం బయటపడింది. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం మోసానికి శిక్షలు, ఆడిటర్ల బాధ్యత, వాటాదారులు కలిసి కేసు వేసే హక్కు లాంటివి చేర్చింది. 2016లో దివాలా కోడ్ వచ్చింది. కంపెనీ కేసులు వినడానికి హైదరాబాద్‌లో, అమరావతిలో ఎన్‌సీఎల్‌టీ బెంచీలున్నాయి.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా క్లాట్ రాయవచ్చు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. లెక్కలు పదో తరగతి స్థాయివే, అవీ కొద్దిగానే. మిగతాదంతా చదివి అర్థం చేసుకోవడమే. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాష్ట్ర కాలేజీలకు లాసెట్ ఉంది.

అయితే ఒక మాట. లెక్కలు రాని పిల్లల్ని తోసేసే చోటు కాదిది. జాతీయ లా యూనివర్సిటీల ఫీజులు తక్కువేం కాదు. డిగ్రీ తర్వాత ప్రాక్టీసు పెడితే మొదటి కొన్నేళ్లు సంపాదన పలచగానే ఉంటుంది. రోజూ పేజీలకు పేజీలు ఇంగ్లీషు చదవాలి. చదవడం ఇష్టం లేని పిల్లలకు ఇది శిక్షే.

కానీ మీ ఇంట్లో పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే పిల్లలో, ఆటలో నియమాల దగ్గరే గొడవపడే పిల్లాడో ఉంటే, ఎంపీసీ, బైపీసీల పక్కన ఈ మూడో దారి పేరు కూడా ఒకసారి చెప్పండి. ఈ వారమే మీ ఇంటి అద్దె అగ్రిమెంటు ఇచ్చి చదివించి, అందులో ఏముందో మీకు చెప్పమనండి. చెబుతున్నప్పుడు ఆ కళ్లలో ఉత్సాహం కనిపిస్తే, మీటింగ్‌లో అడిగే ప్రశ్న మార్చాల్సింది మనమే.

— తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రి