లయ యెవరి సొత్తు?

మన పాఠశాలలలో పాటలు పాడు బాలబాలికలు పెక్కుమంది కలరు. తాళము తప్పక వేయువారు కొలదిమంది. స్వయముగా నొక లయను కూర్చి వినిపింతుమనువారు మఱింత యరుదు. “మాకు తాళజ్ఞానము లేదు” అని విద్యార్థులును, “అది పుట్టుకతో రావలెను” అని తలిదండ్రులును చెప్పుట వాడుక యైనది. ఈ మాట సరికాదని మా యభిప్రాయము. లయను కూర్చుట యనునది అనేక సంవత్సరములు మృదంగ సాధన చేసిన పిమ్మట మాత్రమే దొరకు విద్య కాదు. నేర్చుకొన నారంభించిన వారముననే ప్రతి విద్యార్థియు రెండు చేతులతోను నోటితోను చేయదగిన పని. పాఠశాల దానిని చేయింపవలెనని ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము.

తెలుగు ఛందస్సు చదివిన విద్యార్థి లయ నెఱుగననుట పొసగదు. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని లెక్కించుచు రగడలను గణములుగా విఱుచునప్పు డతడు చేయుచున్నది తాళము వేయుటయే. హయప్రచారము మూడు మాత్రల నడక, మధురగతి నాలుగింటిది, ద్విరదగతి అయిదింటిది, వృషభగతి మూడును నాలుగును గలసి యేడింటిది. ఆ పేర్లలోనే గుఱ్ఱమును, ఏనుగును, ఎద్దును నడచుచున్నవి. సంగీతమున వీనినే తిశ్రము, చతురశ్రము, ఖండము, మిశ్రము అని పిలిచి, తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి యని నోట పలుకుదురు. తొమ్మిదింటి సంకీర్ణమును చేర్చినచో జాతు లయిదు. ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు మార్చి మార్చి రోకళ్లు వేయునప్పుడును, బాలికలు చెమ్మచెక్క లాడునప్పుడును ఈ లెక్కయే నడచుచుండును. కావున లేనిది జ్ఞానము కాదు, ధైర్యము.

ఆరంభ మెట్లు? ఆదితాళ మెనిమిది అక్షరముల చక్రము. ఒక దెబ్బ వేసి, చిటికెనవ్రేలు మొదలుకొని మూడు వ్రేళ్లు లెక్కింపవలెను. పిమ్మట నొక దెబ్బ వేసి అఱచేతిని వెల్లకిల త్రిప్పవలెను. మఱల నొక దెబ్బ, మఱల త్రిప్పుట. ఇది వేగము పెరుగకుండ, తరుగకుండ నడచిన పిదప, అక్షరమున కొకటి చొప్పున “తకధిమి తకధిమి” యని పలుకవలెను. పిమ్మట “తకిట తకిట తక” యని పలికి చూడవలెను. మూడును, మూడును, రెండును కలిసిన నెనిమిదియే. కాని పలుకు విఱుగుచోటును చేతి దెబ్బయు నిప్పు డన్నిచోట్ల కలియవు. చేయి యొక దారిని, నోరొక దారిని నడచి, చక్రము మొదట మఱల కలిసికొనును. ఆ కలయికలోని సంతోషమే లయకు జీవము. ఇంతమాత్రమున విద్యార్థి యొక చిన్న కూర్పు చేసినవాడే యగును.

తరువాతి మెట్టు ముక్తాయింపు. ఒక పలుకును ముమ్మాఱు చెప్పి తాళపు తొలి దెబ్బకు, అనగా సమమునకు, చేరుటయే అది. రెండు ఆవర్తములకు 16 అక్షరములు. “తకతకిట” యను నైదక్షరముల పలుకు ముమ్మాఱైన 15. మిగులున దొకటి. కావున మొదటి యక్షరమున చేయి దెబ్బ వేయగా నోరు మౌనము వహించి, రెండవ యక్షరమున పలుకు నెత్తుకొనవలెను. మూడవ పలుకు ముగిసిన వెంటనే సమము వచ్చి పడును. మూడు ఆవర్తములైన 24, ఏడక్షరముల పలుకు ముమ్మాఱైన 21, విడువవలసినవి మూడు. కూడికయు గుణకారమును తెలిసిన యే బాలుడైనను తన పలుకును తానే యేర్చి దీనిని కట్టవచ్చును.

క్రొత్తవారు చేయు పొరపాట్లు మూడు. మొదటిది తొందర, నెమ్మదిగా పలుకలేనిది వేగముగా నసలే పలుకరాదు. రెండవది ప్రతి యక్షరమును శబ్దముతో నింపబూనుట. విడిచిన యక్షరము కూడ లయలో భాగమే. మూడవది యొక కూర్పు కుదురుకొనక మునుపే దానిని మార్చుట. ఒకే పలుకును పదిమాఱులు చెప్పి, పదునొకండవమాఱు ఒక్క యక్షరమును మాత్రము మార్చినచో, విన్నవాని చెవి దానిని పట్టుకొనును.

గురువు లేక యిట్లు చేసిన చేయి చెడునని కొందఱందురు. గురువు వలదని మేము చెప్పుట లేదు. తానుగా నొక పలుకు కట్టి చూచినవాడు గురువు చెప్పు పాఠమును మఱింత శ్రద్ధతో వినునని మాత్రమే మా వాదము. వాద్యము కొనవలెనను వ్యయమును తొలుత నక్కఱలేదు. నేటి ఫోనులలో తాళము వేయు సాధనము లున్నవి. వేగము సరిచూచుకొనుట కవి పనికివచ్చును, కాని లయను కూర్చు పనిని వానికే విడిచినచో చేయి సోమరి యగును. బాలికలకు మృదంగ మెందుకను ప్రశ్నకు, ఏలూరున జన్మించి ఆ వాద్యముననే పేరొంది 2021లో పద్మశ్రీ నందిన దండమూడి సుమతి రామమోహనరావుగారే ప్రత్యుత్తరము.

ఇక డప్పు మాట. మిషను పాఠశాలలలో చదివిన కుటుంబములలో ఆ వాద్యము నెఱిగినవి యెన్నియో కలవు. జాతరకును చావునకును చాటింపునకును డప్పును పిలిచి, వాయించినవానిని మాత్రము వాకిట నిలిపిన సంఘము మనది. అందుచేత కొందఱు తలిదండ్రులు, ఆ మాట బడిలో నెత్తవలదందురు. వారి నొప్పిని మేము తేలికగా జూడము. అయినను వెట్టిగా వాయించుట వేఱు, విద్యగా కూర్చుట వేఱు. తప్పు వెట్టిది, వాద్యముది కాదు. నిప్పు సెగకు కాచిన తోలుపై నొకచేత పొట్టి సిర్రయు, నొకచేత సన్నని పుల్లయు పట్టి వాయించు ఆ దెబ్బలలో పైని జెప్పిన జాతుల లెక్క యంతయు నిమిడి యున్నది. నిర్గమకాండము 15వ అధ్యాయమున మిర్యాము చేతబట్టినది మన తెలుగు బైబిలులో తంబుర యని యున్నది గాని, అది తంతివాద్యము కాదు. చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించునది. దానికి మన యూళ్లలో దగ్గఱి చుట్టము డప్పే. దేవుని స్తుతికి తగిన వాద్యము బడికి తగదనుట న్యాయమా?

మన కీర్తనల పుస్తకమున ప్రతి కీర్తన తలమీద రాగమును తాళమును ముద్రింపబడి యుండును. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలగువారు తాళమునకు కట్టి యిచ్చిన పాటలను మనము ఆ పంక్తిని చదువకయే పాడుచున్నాము. కావున మా సూచన యిది: వారమున కొక యరగంట లయకు కేటాయింపవలెను. ఆ వారము పాడు కీర్తన తాళమునే పాఠముగా గొనవలెను. వార్షికోత్సవమున ప్రతి తరగతియు తాను కూర్చిన యొక ముక్తాయింపును, మృదంగముతో గాని డప్పుతో గాని వట్టి చేతులతో గాని, వినిపింపవలెను. ఉపాధ్యాయులును తలిదండ్రులును దీని నాలోచింతురు గాక యని కోరుచున్నాము.