ఆఖరి పుస్తకం రాకముందే

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మన పెద్దవాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. పెళ్ళికి ముందే కొడుక్కి పేరు పెట్టుకున్నవాడి మీద విసురు అది. ఇంకా అచ్చు కాని పుస్తకంలో ఏముంటుందో రెండేళ్ళపాటు వాదించుకున్న పిల్లల్ని చూసి ఉంటే వాళ్ళు ఏమనేవారో! మొదట నేనూ అదే సామెత అన్నాను. తర్వాత నాలుక కరుచుకున్నాను. ఎందుకో చెబుతాను.

హారీ పోటర్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కనీసం సినిమాలైనా చూసి ఉంటారు. జె.కె. రౌలింగ్ అనే బ్రిటిష్ రచయిత్రి రాసిన ఏడు పుస్తకాల కథ అది. మొదటిది 1997లో వచ్చింది. ఆరోది 2005 జూలై 16న, ఏడోదీ ఆఖరుదీ అయినది 2007 జూలై 21న వెలువడ్డాయి. మధ్య ఎన్ని రోజులో లెక్క వేసుకోండి. 735 రావాలి. ఆ 735 రోజులూ ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలు, కొందరు పెద్దలు కూడా, కథ ఎలా ముగుస్తుందో ఊహించడంలోనే గడిపారు. ఏడో పుస్తకం రాకముందే, అందులో ఏముండబోతోందో చెప్పే పుస్తకం కూడా అచ్చయి అమ్ముడుపోయింది!

(కథ ఇంకా చదవనివాళ్ళు, చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి, ఏడు పుస్తకాలూ పూర్తిచేశాక ఈ పేజీకి రండి. నేనేమీ అనుకోను.)

2006 వేసవి సెలవులకు మా అన్నయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పుడు తను తొమ్మిదో తరగతి పూర్తిచేసింది. సంచిలో బట్టలకంటే ఆ పుస్తకాలదే బరువు. వాటితోపాటు ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం. అందులో పేజీకి నిలువునా ఒక గీత. ఎడమవైపు "నా ఊహ", కుడివైపు "ఆధారం: ఏ పుస్తకం, ఏ పేజీ". నేను సైన్సు మాస్టరును కదా, ఊరుకోలేక మూడో గీత కూడా గీయించాను: "ఏం జరిగితే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను?"

"ఇది కథ బాబాయ్, ప్రయోగం కాదు" అని విసుక్కుంది. అయినా నింపింది.

ఆ నోటుపుస్తకంలో నన్ను కట్టిపడేసిన ఊహ ఒకటుంది. అది వివరంగా చెప్పాలి.

ఆరో పుస్తకం చివర హారీ, అతని ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ ప్రాణాలకు తెగించి ఒక గుహలోంచి ఒక లాకెట్టు తెస్తారు. తీరా చూస్తే అది నకిలీది. అసలుదాన్ని అంతకుముందే ఎవరో పట్టుకుపోయి, లోపల ఒక చీటీ పెట్టారు. చీటీ కింద సంతకం లేదు, మూడు పొడి అక్షరాలు మాత్రం ఉన్నాయి: ఆర్.ఎ.బి. ఎవరీ మనిషి? ఆరు పుస్తకాలనూ జల్లెడ పట్టినవాళ్ళలో చాలామంది చెప్పిన పేరు రెగ్యులస్ బ్లాక్. ఇతను సిరియస్ బ్లాక్ అనే పాత్రకు తమ్ముడు. కథలో అతను నేరుగా ఎక్కడా కనపడడు. దుష్ట మాంత్రికుడి ముఠాలో చేరి, తర్వాత భయపడి వెనక్కి తగ్గి ప్రాణం పోగొట్టుకున్నాడని ఐదో పుస్తకంలో ఒకచోట చెప్పారంతే. ఆర్ సరిపోయింది, బి సరిపోయింది. నడిమి ఎ సంగతి ఆరు పుస్తకాల్లోనూ లేదు.

రెండక్షరాలు కలిసినంత మాత్రాన నమ్మేస్తామా? మన బడి హాజరుపట్టీ తీస్తే ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. అందుకని వాళ్ళు ఇంకా వెతికారు. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో, ఆ బ్లాక్ కుటుంబం పాత ఇంటిని శుభ్రం చేసేటప్పుడు బయటపడ్డ చెత్తా చెదారంలో, ఎవరెంత ప్రయత్నించినా తెరుచుకోని ఒక బరువైన లాకెట్టు ఉంది. ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. మొదటిసారి చదివినవాళ్ళకు అది గుర్తుండదు. నాకూ గుర్తులేదు.

అసలు విశేషం దీని తర్వాత. ఈ పుస్తకాలు చాలా భాషల్లోకి అనువాదమవుతాయి. కొందరు అనువాదకులు ఇంటిపేర్లను కూడా తమ భాషలోకి మారుస్తారు. డచ్చి భాషలో బ్లాక్ ఇంటిపేరును జ్వార్ట్స్ అన్నారు. నార్వే భాషలో స్వార్ట్ అన్నారు. ఫిన్లాండు భాషలో ముస్తా అన్నారు. మూడూ నలుపు అనే అర్థం నుంచి వచ్చినవే. మరి ఆ భాషల్లో చీటీ కింద ఏముంది? డచ్చిలో ఆర్.ఎ.జెడ్., నార్వేలో ఆర్.ఎ.ఎస్., ఫిన్లాండులో ఆర్.ఎ.ఎమ్.! బ్లాక్‌ను బ్లాక్‌గానే ఉంచిన జర్మను, ఫ్రెంచి పుస్తకాల్లో మాత్రం ఆర్.ఎ.బి.యే ఉంది. ఇంటిపేరు మారిన చోట చివరి అక్షరం మారింది, మారని చోట మారలేదు.

ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. మనం ప్రయోగశాలలో చేసేది ఇదే కదా! ఒక్క అంశాన్ని మార్చి, మిగతావి మార్చకుండా ఉంచి, ఫలితం మారిందో లేదో చూస్తాం. ఇక్కడ ఆ పని అనువాదకులు తమకు తెలియకుండానే చేసిపెట్టారు. అది ప్రయోగమని గుర్తుపట్టినవాళ్ళు పిల్లలు.

అయినా దీంట్లో కూడా మెలిక ఉంది. అనువాదకులకు రహస్యం తెలిసే అలా మార్చారా, లేక వాళ్ళూ మనలాగే ఊహించారా? ముగ్గురూ ఊహించే ఉంటే అది కొత్త ఆధారం కాదు, పాత ఊహే మరో మూడు గొంతుల్లో వినిపించినట్టు. పైగా దీనివల్ల ఇంటిపేరు మాత్రమే తేలుతుంది. ఆ ఇంట్లో ఎవరో తేలదు. ఈ మాట అంటే మా అమ్మాయి కాసేపు నాతో మాట్లాడలేదు. తర్వాత మూడో గడిలో "చీటీ రాసినవాడు బ్లాక్ కుటుంబంలో మరొకడైతే" అని రాసుకుంది.

ఇక డంబుల్‌డోర్ సంగతి. ఆరో పుస్తకంలో స్నేప్ అనే ఉపాధ్యాయుడు ఆయన్ను చంపుతాడు. లక్షలాది పాఠకులు దాన్ని నమ్మడానికి ఒప్పుకోలేదు. ఆ చావు ఉత్తుత్తిదని వాదించడానికి వాళ్ళు చూపిన ఆధారాలు అన్నీ ఇన్నీ కావు. నాకు వాటిలో ఆధారాలకంటే బెంగే ఎక్కువ కనిపించింది. 2006 ఆగస్టులో న్యూయార్కులో జరిగిన ఒక సభలో సల్మాన్ రష్దీ తన కొడుకుతో వచ్చి ఈ విషయమే రౌలింగ్‌ను అడిగారు. స్నేప్ మంచివాడే, కాబట్టి ఆ చావు వాళ్ళిద్దరూ కలిసి ఆడిన నాటకం, డంబుల్‌డోర్ చనిపోలేదు అన్నది ఆయన వాదన. డంబుల్‌డోర్ చనిపోయిన మాట నిజమేనని ఆ సభలోనే రచయిత్రి తేల్చి చెప్పారు. ఏడో పుస్తకం వచ్చాక చూస్తే స్నేప్ మంచివాడన్నది నిజం. ఇద్దరూ ముందే అనుకున్న పథకమన్నదీ నిజం. చనిపోలేదన్నది మాత్రం తప్పు. మూడు మెట్ల వాదనలో రెండు మెట్లు గట్టివై, మూడోది విరిగిందన్నమాట. పేరుమోసిన రచయితకే ఇలా అయింది!

స్నేప్ మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న వేరే రకం. ఏ సంఘటన తీసుకున్నా రెండు పక్షాలకూ సరిపోతుంది. హారీని రక్షించాడా? మంచివాడు కనుక. కాదు, నమ్మించడానికి. అమెరికాలో ఒక పుస్తకాల దుకాణం రెండు పక్షాలకూ రెండు రకాల స్టిక్కర్లు పంచిపెట్టింది. ఏ సంఘటన జరిగినా తనకే అనుకూలమనే వాదన వినడానికి గట్టిగా ఉంటుంది కాని దాన్ని పరీక్షించే దారి లేదు. మా అమ్మాయి నోటుపుస్తకంలో ఈ ఊహ పక్కన మూడో గడి చివరిదాకా ఖాళీగానే ఉంది.

హారీ స్నేహితుడు రాన్ కాలంలో వెనక్కి వెళ్ళి డంబుల్‌డోర్ అయ్యాడని కూడా కొందరన్నారు. పొడవు, ముక్కు, జుట్టు రంగు, మొదటి పుస్తకంలోని చదరంగం అన్నీ కలిపారు. అది పూర్తిగా తప్పింది. దానిమీద వాళ్ళు పెట్టిన శ్రమ చూసి జాలి వేసింది.

శాస్త్రజ్ఞుల్లోనూ ఇది జరిగింది. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని గమనించి, దాని అవతల మరో గ్రహం ఉండాలని లెవెరియర్ కాగితం మీద లెక్కకట్టాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలే దూరదర్శిని తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ కూడా దూరం లేకుండా నెప్ట్యూన్ దొరికింది. 1859లో అదే లెవెరియర్, బుధుడి నడకలో తేడా చూసి, సూర్యుడి దగ్గర ఇంకేదో ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. (సోమలింగం!) ఎన్నేళ్ళు వెతికినా దొరకలేదు. లేనిది ఎలా దొరుకుతుంది? ఆ తేడాకు అసలు కారణం 1915లో ఐన్‌స్టీన్ చెప్పాడు. మనిషి ఒకడే, పద్ధతీ ఒకటే. ఒకసారి గ్రహం దొరికింది, ఒకసారి దొరకలేదు. రెండుసార్లూ ఆయన మాట ముందే కాగితం మీద ఉంది కనుకనే ఏది ఒప్పో ఏది తప్పో లోకానికి తెలిసింది.

ఒక తేడా మాత్రం మరవకూడదు. ఐదో పుస్తకంలో ఆ లాకెట్టును రచయిత్రి కావాలని పెట్టింది, ఎప్పటికైనా మనం దాన్ని పట్టుకోవాలని. ప్రకృతి మనకోసం లాకెట్లు దాచిపెట్టదు. ఫలానా తేదీన జవాబు విడుదల చేస్తానని మాట కూడా ఇవ్వదు.

ఏడో పుస్తకం రావడానికి కొద్ది రోజుల ముందు ఎవరో దాని పేజీలను ఫోటోలు తీసి బయటపెట్టారు. మా అమ్మాయి వాటిని చూడనని పట్టుబట్టింది. పుస్తకం వచ్చిన రెండు రోజులకు ఫోను చేసింది. ఆర్.ఎ.బి. అంటే రెగ్యులస్ ఆర్క్‌ట్యూరస్ బ్లాక్ అట. ఆ లాకెట్టు అదేనట. డంబుల్‌డోర్ బతికే ఉన్నాడన్న తన ఊహను మాత్రం కొట్టివేయకుండా, చెరపకుండా, పక్కన "2007 జూలై 23, తప్పు" అని రాసుకుందట.

ఆ వారమే నేను పదో తరగతి రికార్డులు దిద్దుతున్నాను. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం. కటకం వచ్చిన పొట్లం మీద 10 సెం.మీ. అని ఉంది. వస్తుదూరం 20, ప్రతిబింబ దూరం 20. వస్తుదూరం 15, ప్రతిబింబ దూరం 30. వస్తుదూరం 30, ప్రతిబింబ దూరం 15. నలభై రికార్డుల్లోనూ ఇవే! దశాంశ స్థానం ఒక్కచోట లేదు. కొవ్వొత్తి రెపరెపలాడదా, తెర కదలదా, నలభైమంది కళ్ళూ ఒకేలా చూస్తాయా? పిల్లలు పొట్లం చూసి వెనక్కి లెక్కకట్టారు. అచ్చు కాకముందే పేజీల ఫోటోలు చూసినవాళ్ళకూ వీళ్ళకూ తేడా ఏమిటి? వాళ్ళను అనడం ఎందుకు, ఏళ్ళ తరబడి అలాంటి రికార్డులకు పూర్తి మార్కులు వేసింది నేనే.

ఆ కట్టలో ఒక్క రికార్డు వేరుగా ఉంది. ఒక అమ్మాయి వస్తుదూరం 20కి ప్రతిబింబ దూరం 25.5 అని రాసింది. లెక్క కడితే 11.2 వస్తుంది. అంతకు రెండు రోజుల ముందు ఆ పిల్ల నా బల్ల దగ్గరకు వచ్చి "సార్, నాకు ఇంతే వస్తోంది" అంటే, "సరిగ్గా చూడు, 10 రావాలి" అని పంపేశాను. ఇప్పుడు మళ్ళీ పిలిచి దిద్దుకు రమ్మన్నాను. మారుమాట్లాడకుండా వెళ్ళి, రబ్బరుతో చెరిపి, 20 అని రాసి తెచ్చింది. సంతకం పెట్టాను.

ఎన్నో నెలల తర్వాత, ఆ జట్టు పరీక్షలు రాసి వెళ్ళిపోయాక, బీరువా సర్దుతూ ఆ కటకం తీశాను. ఎందుకో అనుమానం వచ్చి, కిటికీకి ఎదురుగోడ దగ్గర దాన్ని పట్టుకుని, బయటి వేపచెట్టు ప్రతిబింబం గోడమీద స్పష్టంగా పడేదాకా జరిపి, స్కేలుతో కొలిచాను. 11 దాటి రెండు గీతలు. మూడుసార్లు కొలిచాను. పొట్లం మీద అచ్చు తప్పు.

ఇప్పుడు మా ప్రయోగశాలలో పొట్లాల మీది అంకెలు కనపడకుండా కాగితం అంటిస్తున్నాను. రికార్డులో ఎడమవైపు తెల్లపేజీ మీద, ప్రయోగం మొదలుపెట్టకముందు, ఎంత రావచ్చో, ఎందుకలా అనుకుంటున్నారో పెన్నుతో రాయిస్తున్నాను. తప్పయితే చెరపనివ్వను, మార్కు తగ్గించను. "ఇలా అయితే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది మాస్టారూ?" అని తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు. నిజమే, ప్రయోగానికి ఒక పీరియడు అదనంగా పడుతోంది. నిరుడు రెండు పాఠాలు ఆదివారాల్లో చెప్పాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి రికార్డు ఎక్కడుందో నాకు తెలియదు. ఉంటే అందులో ఇంకా 20 అనే ఉంటుంది, పక్కన ఎర్రసిరాతో నా సంతకం.