రెప్ప వాలినంక ఎవలిని అడగాలె?

మొన్న మా చుట్టాలామె ఫోన్ జేసి ఏడ్సింది. బిడ్డ పెండ్లి పది రోజులున్నదనంగ, నొసటి మీది ముడతలు పోతయంటే ఒక బ్యూటీ పార్లర్‌ల బోటాక్స్ సూది ఏయించుకున్నదట. ఆరో రోజు పొద్దుగాల అద్దంల చూసుకుంటే కుడికన్ను రెప్ప సగం వాలింది. పార్లరోళ్లకు ఫోన్ జేస్తే "గదే పోతది" అన్నరట. మల్లా జేస్తే ఎత్తలేదట.

గదే పోతదన్న మాట అబద్ధం కాదు. బోటాక్స్ అంటే ఒక బ్యాక్టీరియా తయారుజేసే విషం. కొలిచి ఇస్తే మందు. 1989ల అమెరికాల దీనికి మొదట అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకు, ఆగకుండ కొట్టుకునే రెప్పలకు. ముడతలకు ఇచ్చింది 2002ల. నరం నుంచి కండకు పొయ్యే సంకేతాన్ని ఇది ఆపుతది. నొసట్ల ఉండాల్సిన మందు కిందికి పాకి, రెప్పను లేపే కండకు తాకితే రెప్ప వాల్తది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లనే బయటపడ్తది. చానా మందికి కొన్ని వారాల్ల తగ్గుతది, కొందరికి మూడు నాలుగు నెలలు పడ్తది. పట్టుకున్నంక విరుగుడు లేదు. కండ్ల డాక్టర్ రాసే అప్రాక్లోనిడిన్ లాంటి చుక్కలు రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు లేపుతయి, గంతే. అవి అందరికీ పడయి, సొంతంగ కొనొద్దు. సరిజేస్తమని పార్లరోళ్లు ఇంకో సూది ఏస్తమంటే ఒప్పుకోవద్దు. మింగుడు పడకున్నా, మాట ముద్దగొచ్చినా, ఊపిరాడకున్నా ఆగకుండ పెద్ద దవాఖానకు పోవాలె.

మరి నా కోపం దేని మీద? మంచి డాక్టర్ చేతిల గూడ రెప్ప వాలొచ్చు. కానీ ఆడ ఏ మందు, ఎన్ని యూనిట్లు, ఏడ ఏసిండ్రో రాసుంటది. మా చుట్టాలామె దగ్గర బిల్లు గూడ లేదు. సీసల ఏమున్నదో ఎవలికెరుక? 2024ల అమెరికాల గిసొంటి సూదులతోని 11 రాష్ట్రాల్ల 22 మంది ఆడోళ్లు జబ్బు పడ్డరు. సగం మంది దవాఖానల చేరిండ్రు. లైసెన్సు లేనోళ్లు, శిక్షణ లేనోళ్లు, లేకుంటే ఇండ్లల్ల, స్పాలల్ల ఏసిన సూదులవి. కొన్నిట్ల మందే నకిలీ. ఆడ లెక్క తీసిండ్రు కాబట్టి తెలిసింది. మన చిన్న పట్నాల్ల లెక్క రాసేటోడెవడు?

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, వాలిన రెప్పను చూసి నవ్వకుండ్రి. పెండ్లి ఫోటోల ముడత కనబడొద్దని ఆమెను భయపెట్టింది మనమే. ఇంట్ల ఎవరన్న సూదికి పోతమంటే మూడు అడగమనుండ్రి: డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, సీస మీది పేరు-బ్యాచ్ నంబర్ ఫోటో, యూనిట్లు రాసిన బిల్లు. ఇయ్యమంటే లేసి రావాలె. జిల్లా వైద్యాధికారులు గూడ గీ పార్లర్ల తలుపు ఒక్కసారన్న కొట్టాలె. ఆమె రెప్ప రేపో ఎల్లుండో లేస్తది. మరి వాళ్ల కండ్లెప్పుడు తెరుస్తరు?