మినుములో వైరస్ తెగుళ్లు: పిల్ల పురుగుల గుర్తింపు ఆవశ్యకత

ఉయ్యూరు పరిసర మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుమును రెండు వైరస్ తెగుళ్లు పీడిస్తున్నాయి. పల్లాకు తెగులును తెల్లదోమ, ఆకుముడత తెగులును తామర పురుగులు వ్యాపింపజేస్తాయి. తెగులు సోకిన మొక్కకు చికిత్స లేదు. అయినా క్షేత్ర పరిశీలనలో లెక్కకు వచ్చేవి ఎక్కువగా రెక్కల పురుగులే. జిగురు అట్టలకు అంటుకునేవీ అవే.

ఈ పద్ధతి మారాలి. ఆకుముడతకు కారణమైన టాస్పోవైరస్‌ను తామర పురుగు పిల్ల దశలోనే గ్రహించాలి. తల్లి పురుగుగా మారిన తరువాతే తొలిసారి తెగులు మొక్క రసం పీల్చినది వైరస్‌ను వ్యాపింపజేయలేదు. తెల్లదోమ ప్రౌఢ దశలోనూ వైరస్‌ను గ్రహిస్తుంది. కాని తెల్లదోమల జాతి నిర్ధారణకు ప్రధాన ఆధారం ఆకు అడుగున కదలక ఉండే నాలుగో దశ పిల్ల పురుగే.

గట్లపై కలుపు విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. కలుపు మొక్కపై కనిపించిన రెక్కల పురుగు ఎక్కడినుంచో వచ్చి వాలినది కావచ్చు. పిల్ల పురుగులుంటే అవి ఆ మొక్కపైనే వృద్ధి చెందుతున్నట్లు. ఏ కలుపును ముందుగా తొలగించాలో నిర్ణయించడానికి ఈ ఆధారం అవసరం.

పిల్ల పురుగులను గుర్తించడం కష్టమన్నది వాస్తవమే. వేర్వేరు జాతుల తామర పురుగుల పిల్లలు దాదాపు ఒకేలా ఉంటాయి. తెల్లదోమ నాలుగో దశ రూపం ఆకు నూగును బట్టి మారుతుంది. అందువల్ల కొన్నింటిని ప్రౌఢ దశ వరకు పెంచి, అవసరమైనచోట డీఎన్ఏ పరీక్షతో నిర్ధారించాలి. ఘంటసాల, లాం పరిశోధనా స్థానాలు ఇందుకు సచిత్ర గుర్తింపు పట్టికను రూపొందించడం, విద్యార్థుల గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భూతద్దంతో పిల్ల పురుగుల లెక్కింపును చేర్చడం సముచితం.