కార్వాన్ బిడ్డలకు చికిత్స ఎక్కడ?

2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు దారినపోయే యువకులను ఆపి, వారి ఫోన్లలో 'గంజాయి' అన్న మాట కోసం వెతికిన దృశ్యాలను దేశమంతా చూసింది. 2024లో ఎక్సైజ్ శాఖ 'ఆపరేషన్ ధూల్‌పేట' చేపట్టింది. ధూల్‌పేటకు కూతవేటు దూరంలోని కార్వాన్ బస్తీలకు గంజాయి విషయంలో ప్రభుత్వమంటే ఈ తనిఖీలే. అమ్మేవాణ్ణి పట్టుకోవద్దని మేము అనడం లేదు. పట్టుకోవలసిందే. మా ప్రశ్న ఒక్కటే: మానుకోవాలనుకునే బిడ్డ ఎక్కడికి వెళ్లాలి?

గంజాయి, భంగు సమస్యలకు సాయం అవసరమైనవారు దేశంలో 72 లక్షల మంది ఉన్నారని 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వేయే చెప్పింది. నిషేధిత మత్తుపదార్థాలకు బానిసలైన ప్రతి 20 మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో చేరి చికిత్స పొందే వీలు కలిగిందనీ అదే సర్వే తేల్చింది.

చట్టంలో దారి లేదా? ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి గానీ, స్వల్ప పరిమాణానికి గానీ కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్సను మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి స్వల్ప పరిమాణమంటే కిలో వరకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనంతో ముడిపడిన స్థితులను సైతం అనారోగ్యంగా గుర్తించి, వైద్యాన్నీ గోప్యతనూ హక్కులుగా ఇచ్చింది. లాఠీ గురించి తెలిసినంతగా ఈ హక్కుల గురించి బస్తీకి ఎందుకు తెలియదు?

గంజాయి మానిన తొలి రెండు వారాలు నిద్ర పట్టదు, ఆకలి వేయదు, చిరాకు పెరుగుతుంది. ఒక్క మాత్రతో నయమయ్యేది కాదు; వారాల తరబడి కౌన్సెలింగ్ కావాలి. రోజు కూలీ వదులుకొని కొడుకును ప్రతి వారం ఎర్రగడ్డకు తీసుకెళ్లడం ఏ పేద తల్లికి సాధ్యం?

సముదాయానికీ ఒక మాట. కొన్ని కుటుంబాలు పరువు పేరిట దాచిపెడుతున్నాయి. తావీజు కడుతున్నాయి. పెళ్లయితే బాగుపడతాడని మరొకరి కూతురి బతుకును పణంగా పెడుతున్నాయి. మత్తు హరామ్ అని మింబరు మీద నుంచి చెప్పడం అవసరమే. అయితే రోగిని పరామర్శించడం సాటి ముస్లింకు మనం చెల్లించవలసిన హక్కు అన్నదీ దీన్ నేర్పిన మాటే.

మేము కోరుతున్నవి మూడు. బస్తీ దవాఖానాలలో వారానికి ఒక్క రోజైనా ఉర్దూ, తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఉండాలి. ప్రతి పోలీస్ స్టేషన్ గోడపై 64ఎ సెక్షన్ సారాంశం రెండు భాషల్లోనూ రాయాలి. మసీదు కమిటీలు ఉచిత సహాయ నంబరు 14446ను ప్రతి జుమాకూ చెప్పాలి. చికిత్స అడిగే బిడ్డకు జైలే సమాధానమైతే, ఆ నేరం బిడ్డది కాదు.