లేసరు చదును యంత్రము ఎవరి బాధ్యత?

యాసంగి కోతకును తొలకరికిని నడుమ, నేల పొడిగా నున్న కొద్ది దినములే లేసరు యంత్రముతో వరిమళ్లు చదును చేయుటకు అదను. అప్పుడు యంత్రము మూలబడిన మరుసటి వేసవి వరకు ఆగవలసినదే. నస్పూరు వంటి బొగ్గు గనుల ప్రాంతములో దుమ్ము సహజము. కిరణము పంపు పెట్టె అద్దమును, రిసీవరును ముందు కుంచెతో దులిపి, పిదప తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలెను, పెట్రోలు తగులరాదు. పొలము మారునప్పుడు రిసీవరును విప్పి పెట్టెలో నుంచవలెను. హైడ్రాలిక్ నూనెలో మట్టి పడిన వాల్వు పట్టివేయును.

నలుగురి సొమ్ము ఎవరికిని పట్టదు. కావున యంత్రమును అద్దెకిచ్చు సంఘములు దాని సంరక్షణను ఒక్కరికే అప్పగించి, ప్రతి సాయంత్రము పుస్తకములో వ్రాయించుట మేలని నా అభిప్రాయము.